చూడటానికి కాదు, పాడటానికి వెళ్దాం

యూరప్ టూర్ అనగానే మన హాస్టల్లో అందరి కళ్లముందూ ఒకటే బొమ్మ ఆడుతుంది. ఈఫిల్ టవర్ కింద ఒక ఫోటో, స్విస్ మంచుకొండల మీద ఒక రీల్, వెనిస్‌లో పడవెక్కి ఇంకో రీల్. పది రోజులు, ఏడు దేశాలు, నిద్ర సగం బస్సులోనే. మా బాబాయి గారు అలాంటి ప్యాకేజీలో వెళ్లొచ్చి, "బాగానే ఉందిరా, అన్నమే సరిగ్గా దొరకలేదు" అన్నారు. ప్రాగ్ ఎలా ఉంది బాబాయ్ అని అడిగితే, "ప్రాగ్ ఏ రోజు వెళ్లాం?" అని పిన్ని వైపు తిరిగారు. ఇందులో ఆయన తప్పేం లేదు. అన్ని ఊళ్లు అంత వేగంగా దాటితే ఎవరికైనా గుర్తుండేది హోటల్ బఫేనే.

నా అభిప్రాయం సూటిగా చెప్పేస్తాను. పాత నగరాన్ని తెలుసుకోవాలంటే అక్కడికి ఏదో ఒక పని మీద వెళ్లాలి. ఆ పనుల్లోకెల్లా మంచిది నలభైమందితో కలిసి పాడటం. ఇది నా సొంత తెలివి కాదు. మన కాలేజీలోనే చదివి, ఇప్పుడు జర్మనీలోని డ్రెస్డెన్‌లో ఎం.ఎస్. చేస్తున్న గాజువాక అక్క ఒకరు రెండేళ్లుగా ఫోన్లో చెప్తున్న కబుర్లు విని విని నాకు ఏర్పడిన అభిప్రాయం. అక్క ఇక్కడున్న నాలుగేళ్లూ ఏ ఫెస్టులోనూ స్టేజీ ఎక్కి పాడలేదు. అక్కడికెళ్లాక యూనివర్సిటీ క్వయర్‌లో చేరింది. జర్మనీలో దాదాపు ప్రతి విశ్వవిద్యాలయానికీ ఇలాంటి విద్యార్థి గాయక బృందం ఒకటి ఉంటుంది. సంగీతం డిగ్రీ అక్కర్లేదు. పియానో మీద ఒక స్వరం వాయిస్తే అదే శ్రుతిలో అనగలవా, పక్కవాళ్లు వేరే స్వరం పాడుతుంటే నీది వదలకుండా పట్టుకోగలవా, ఇంతే చూశారట. వారానికొక సాయంత్రం సాధన. ఏడాదికోసారి బస్సు కట్టించుకుని వేరే ఊళ్లకు కచేరీలకు వెళ్తారు. అలా అక్క లైప్‌జిగ్ చూసింది, ప్రాగ్ చూసింది. చూసింది అనడం కంటే ఆ ఊళ్లలో పని చేసొచ్చింది అనడమే సరైనదేమో.

తేడా ఎక్కడుందో చెప్తాను. టూరిస్టు చర్చిలోకి ముందు గుమ్మంలోంచి వెళ్లి, తల పైకెత్తి, ఫోటో తీసి, అరగంటలో బయటికొస్తాడు. పాడేవాళ్లు పక్క తలుపులోంచి వెళ్తారు. కోట్లు ఎక్కడ తగిలించాలి, బాత్రూం ఎక్కడ, ఏ మెట్టు మీద ఎవరు నిలబడాలి, వీటితో మొదలవుతుంది. ప్రేక్షకులు రాకముందు ఖాళీ హాల్లో రెండు గంటల రిహార్సల్. అక్క వాళ్ల కండక్టర్ ఏ కొత్త చోటికి వెళ్లినా ముందు గట్టిగా ఒక చప్పట్లు కొట్టి, ఆ శబ్దం పూర్తిగా ఆగేదాకా వేళ్లమీద లెక్కపెడతాడట. ఒక చోట రెండు సెకన్లు. ఇంకో చోట ఆరు. దాన్నిబట్టి ఆ రోజు పాట ఎంత నెమ్మదిగా పాడాలో తేలుస్తాడు.

ఇక్కడ మన ఇంజనీరింగ్ బుర్రలకు కాస్త మేత. ఈ లెక్కకు సూత్రం కనిపెట్టినవాడు వాలెస్ సబీన్ అనే హార్వర్డ్ భౌతికశాస్త్ర అధ్యాపకుడు. 1895లో అక్కడ ఫాగ్ లెక్చర్ హాల్లో పాఠం చెప్తే ఎవరికీ ఒక్క ముక్క అర్థం కావట్లేదని, సంగతి చూడమని ఈయనకు అప్పగించారు. ఈయన రాత్రిళ్లు పక్కనున్న సాండర్స్ థియేటర్ నుంచి సీట్ల మెత్తలు మోయించుకొచ్చి, ఒక్కో వరస పరుస్తూ, ప్రతిసారీ శబ్దం ఎంతసేపట్లో చచ్చిపోతుందో కొలిచాడు. తెల్లారేలోగా మెత్తలన్నీ మళ్లీ యథాస్థానం. చివరికి తేలిందేమిటంటే, గది ఘనపరిమాణాన్ని 0.161తో గుణించి, గోడలూ మనుషులూ మెత్తలూ కలిసి పీల్చుకునే శబ్దంతో భాగిస్తే ప్రతిధ్వని కాలం వస్తుంది. శబ్దం 60 డెసిబెల్స్ పడిపోవడానికి పట్టే సమయం అది. పెద్ద రాతి చర్చి అంటే ఘనపరిమాణం విపరీతం, రాయి పీల్చుకునేది దాదాపు సున్నా. కొలోన్ కథీడ్రల్ లాంటి చోట ఆ సమయం పది సెకన్లు దాటుతుంది. అంటే మీరు పాడిన స్వరం ఇంకా గాల్లో ఉండగానే తర్వాతి పది స్వరాలు దాని మీదకెక్కుతాయి. అక్కడ మన చిట్టస్వరాలు పాడితే అంతా కలిసి పులిహోర అయిపోతుంది. ఆ పాత లాటిన్ గీతాలు అంత నెమ్మదిగా, పొడుగు పొడుగు స్వరాలతో ఎందుకు నడుస్తాయో నాకు ఇది చదివాకే అర్థమైంది. భవనం కూడా ఒక వాయిద్యమే. ఆ సంగతి పాడినవాడికి తెలిసినట్టు ఫోటో తీసుకున్నవాడికి తెలియదు.

వెనిస్‌లో సెయింట్ మార్క్ బసిలికాలో గాయకులు నిలబడే గ్యాలరీలు ఎదురెదురుగా ఉంటాయి. 16వ శతాబ్దంలో అక్కడి సంగీతకారులు బృందాన్ని రెండుగా చీల్చి, ఒకరు అడిగినట్టు ఇంకొకరు జవాబిచ్చినట్టు స్వరపరచడం అలవాటు చేసుకున్నారు. పడవెక్కి రీల్ తీసుకునేవాళ్లలో ఎంతమంది ఆ గ్యాలరీల వైపు తల తిప్పుతారో!

లైప్‌జిగ్ సంగతి వేరు. అక్కడ సెయింట్ థామస్ చర్చి బాలుర బృందం 1212 నుంచి నడుస్తోంది. అంటే మన ఓరుగల్లులో కాకతి గణపతిదేవుడు ఏలుతున్న కాలం. 1723 నుంచి 1750లో చనిపోయేదాకా ఆ బృందానికి పాట నేర్పిన ఉద్యోగి పేరు యోహాన్ సెబాస్టియన్ బాఖ్. ఇప్పుడాయన సమాధి ఆ చర్చిలోనే ఉంది, టూరిస్టులు పూలు పెడతారు. బతికున్నప్పుడు మాత్రం నగర కౌన్సిల్‌తో రోజూ తగాదాలే. 1730లో ఆయన కౌన్సిల్‌కు ఒక వినతిపత్రం రాశాడు. నా దగ్గరున్న పిల్లల్లో పనికొచ్చేవాళ్లు 17 మంది, ఇంకా పనికిరానివాళ్లు 20 మంది, అసలు పనికిరానివాళ్లు 17 మంది అని లెక్క తేల్చి, మనుషుల్నీ డబ్బునీ ఇవ్వమని అడిగాడు. అంతటి బాఖ్‌కే ఫండ్స్ శాంక్షన్ కాలేదు. మన క్లబ్బు ఫైలు అకౌంట్స్ సెక్షన్లో ఆర్నెల్లుగా ఉందని బాధపడేవాళ్లు ఈ విషయం గుర్తుపెట్టుకోండి.

డ్రెస్డెన్‌లో ఫ్రౌయెన్‌కిర్షే అనే పెద్ద గుమ్మటం చర్చి ఉంది. 1945 ఫిబ్రవరి బాంబుదాడుల్లో కాలి కూలిపోయింది. దాదాపు అర్ధశతాబ్దం రాళ్లగుట్టగానే ఉంది. 1994లో మళ్లీ కట్టడం మొదలుపెట్టి 2005లో తెరిచారు. గుట్టలోంచి ఏరిన పాత రాళ్లను వీలైనన్ని కొత్త గోడల్లో వాడారు. నల్లగా ఉన్నవి పాతవి, తెల్లగా ఉన్నవి కొత్తవి. అక్క చెప్పింది: "ఇక్కడ పాడుతున్నప్పుడు నా పక్కన నిలబడే ఆవిడ వాళ్లమ్మ చిన్నప్పుడు ఆ రాళ్లగుట్ట పక్కనుంచే బడికి వెళ్లేదంట. పాట మధ్యలో ఆవిడ ఆగిపోయింది. మేం ఆమె వంతు కూడా పాడేశాం." ఏ గైడూ ఈ సంగతి చెప్పడు. చెప్పినా మనకు పట్టదు.

బస కూడా హోటల్లో కాదు. ఆ ఊరి క్వయర్ వాళ్లు తలా ఇద్దర్నో ముగ్గుర్నో ఇంటికి తీసుకెళ్తారు. మర్నాడు వాళ్లు వీళ్ల ఊరొస్తే వీళ్లు పెట్టాలి. మన పెళ్లిళ్లలో విడిది ఇళ్లలాగా అన్నమాట. ప్రాగ్‌లో అక్క దిగిన ఇంట్లో పెద్దావిడకు ఇంగ్లీషు రాదు, అక్కకు చెక్ రాదు. ఇద్దరూ కలిసి ఉప్మా వండారట. 1357లో మొదలుపెట్టి కట్టిన చార్లెస్ వంతెన మీద తిరగడానికి దొరికింది రెండు గంటలే. కోట లోపలికి వెళ్లనే లేదు. "అయితే ప్రాగ్ చూడనట్టేగా?" అంటే నవ్వేసింది.

ఇంతవరకూ చదివి కొందరు, "అదంతా తెల్లోళ్ల వ్యవహారం, మనకెందుకు" అంటారు. అసలు వాదన ఇక్కడే ఉంది.

పాడుతూ ఊళ్లు తిరగడం మనకు కొత్తేం కాదు. తిరుపతి అలిపిరి పాదాల మండపం దగ్గర టీటీడీ దాససాహిత్య ప్రాజెక్టు వాళ్ల మెట్లోత్సవం ఎప్పుడైనా చూశారా? ఆంధ్ర, తెలంగాణ, కర్ణాటక, తమిళనాడు పల్లెల నుంచి వేలమంది భజన మండళ్ల వాళ్లు వచ్చి, తాళాలు పట్టుకుని, పాడుతూ కొండెక్కుతారు. వాళ్లలో చాలామంది వ్యవసాయ కూలీలు, గృహిణులు. వాళ్లకది యాత్రా, కచేరీ, సెలవూ మూడూనూ. మన సింహాచలం గిరిప్రదక్షిణలో ఆషాఢ పౌర్ణమికి 32 కిలోమీటర్లు నడిచేవాళ్లలో భజన బృందాలెన్ని! డిసెంబరు వస్తే మన వన్‌టౌన్ చర్చిల క్వయర్లు రాత్రుళ్లు ఇల్లిల్లూ తిరిగి క్యారల్స్ పాడతాయి. లండన్ మిషన్ వాళ్లు విశాఖకు వచ్చింది 1805లో. ఆ తర్వాత పురుషోత్తమ చౌదరి లాంటి కవులు కర్ణాటక రాగాల్లో, తాళాల్లో తెలుగు క్రైస్తవ కీర్తనలు కట్టారు. ఇంగ్లీషు బాణీలతో పాటు అవీ ఈ రోజుకీ పాడుతున్నారు. 2009 మేలో సికింద్రాబాద్ పరేడ్ గ్రౌండ్స్‌లో లక్షమందికి పైగా ఒకేసారి అన్నమయ్య సంకీర్తనలు పాడారు. కాబట్టి కలిసి పాడటం మన రక్తంలో లేదనే మాట నేనొప్పుకోను.

లేనిది ఒకటుంది. మనం ఎంతమంది పాడినా ఒకే బాణీ పాడతాం. లేదంటే ఒకరు ఎత్తుకుంటే మిగతావాళ్లు అందుకుంటారు. నాలుగు గొంతులు నాలుగు వేర్వేరు బాణీలు ఒకేసారి పాడి, అవి ఒకదానిమీద ఒకటి నిలబడటం (సోప్రానో, ఆల్టో, టెనర్, బేస్ అంటారే, అది) మన శాస్త్రీయ సంగీతంలో లేదు. రాగం నడిచే తీరుకు దాని అవసరం పడలేదు. అయితే కలపలేమా? కలిపి చూపించినాయన ఉన్నాడు. చిత్తూరులో 1925లో పుట్టిన ఎం.బి. శ్రీనివాసన్, ఎంబీఎస్ అంటారు. మలయాళ సినిమాలకు సంగీతం చేసిన పెద్దాయన. 1970ల మొదట్లో మద్రాస్ యూత్ క్వయర్ పెట్టి, రకరకాల భారతీయ భాషల పాటలను పలుగొంతుల బృందగానంగా తీర్చాడు. ఆయన బృందంలో సంగీత విద్వాంసులే ఉండాలన్న నియమం లేదు. మన రాష్ట్రంలో పుట్టిన మనిషి చేసిన ఈ పని మన కాలేజీల్లో ఎంతమందికి తెలుసు?

ఈశాన్యంలో షిల్లాంగ్ ఛాంబర్ క్వయర్ 2001లో మొదలైంది. 2010లో చైనాలోని షావోషింగ్‌లో జరిగిన ప్రపంచ క్వయర్ క్రీడల్లో మూడు విభాగాల్లో బంగారు పతకాలు తెచ్చుకుంది. అదే ఏడాది టీవీ పోటీ గెలిచాక దేశమంతటికీ తెలిసింది. విశాఖ షిల్లాంగ్ కంటే చిన్న ఊరా?

మన ఊరి సంగతే తీసుకుందాం. ఓడరేవు, ఉక్కు. ఇలాంటి ఊళ్లలోనే యూరప్‌లో గొప్ప క్వయర్లు పుట్టాయి. వేల్స్‌లో బొగ్గుగనుల లోయల్లో గని కార్మికులు 19వ శతాబ్దంలో పెట్టుకున్న మగవాళ్ల బృందాలు గనులు మూతపడ్డాక కూడా పాడుతున్నాయి. మనకూ ఆ పదార్థం లేకపోలేదు. హిందుస్థాన్ షిప్‌యార్డులో ఉద్యోగం చేసిన వంగపండు ప్రసాదరావు గారు ఉత్తరాంధ్ర యాసను, జముకు దరువును ఎక్కడిదాకా మోసుకెళ్లారో చెప్పక్కర్లేదు. ఆయన వెనక కోరస్ అందుకున్నవాళ్లంతా మామూలు మనుషులే. 1966లో ఉక్కు ఫ్యాక్టరీ కోసం ఈ ఊరు ఒక్క గొంతుతో అరిచింది, 32 మంది ప్రాణాలు పోయాయి. 2021లో అమ్మకం మాట వచ్చాక కూర్మన్నపాలెం శిబిరంలో మళ్లీ అదే నినాదం వినిపించింది. గొంతు కలపడం మనకు పోరాటమప్పుడు వస్తుంది, మిగతా రోజుల్లో మర్చిపోతాం.

ఎస్తోనియా వాళ్లు మర్చిపోలేదు. 1869లో టార్టు ఊళ్లో మొదలైన పాటల పండగను రాజ్యాలు మారినా నడుపుకుంటూ వచ్చారు. 1988లో టాలిన్ పాటల మైదానంలో లక్షలమంది చేరి, సోవియట్ పాలనలో అణిచిపెట్టిన దేశభక్తి గీతాలు పాడారు. 1991లో స్వాతంత్ర్యం వచ్చింది. పాటల వల్లే వచ్చిందని నేననను, మాస్కోలో ఆ ఏడాది జరిగిన గొడవలూ కారణమే. కానీ వందేళ్లకు పైగా కలిసి పాడే అలవాటు లేకపోతే ఆ రాత్రి అంతమంది అక్కడ చేరేవాళ్లు కాదు. టాలిన్ వెళ్లే క్వయర్లు ఆ మైదానంలో నిలబడి పాడతాయి. మనం వెళ్తే పాతబస్తీ గోడ దగ్గర ఫోటో దిగుతాం.

ఇక డబ్బు. దీన్ని దాటేసి మాట్లాడితే అబద్ధమే అవుతుంది. షెంగెన్ వీసా ఫీజు ఒక్కటే 2024 నుంచి 90 యూరోలు. టికెట్లూ, బీమా, బ్యాంకులో చూపించాల్సిన నిల్వా కలిపితే మన క్లాసులో సగంమంది ఇళ్లలో ఏడాది సంపాదన. పైగా ఇప్పుడు కాలేజీ మెయిళ్లకు "అంతర్జాతీయ సంగీతోత్సవానికి మీ బృందం ఎంపికైంది" అని ఆహ్వానాలొస్తున్నాయి. మన పాట ఒక్కటైనా వినకుండానే ఎంపిక! తలా ఇంత కట్టండి, సర్టిఫికెట్ ఇస్తాం అంటారు. డబ్బు కడితే పేపర్ వేసే జర్నళ్లు మనకు తెలుసు కదా, ఇవి వాటి చెల్లెళ్లు. నిజమైన ఉత్సవాలూ ఉన్నాయి, కాదనను. కానీ డబ్బున్న పన్నెండుమందిని ఏరి, పదిహేను రోజుల్లో రెండు పాటలు బట్టీ పట్టించి విమానమెక్కిస్తే అది ఏడు దేశాల ప్యాకేజీకి యూనిఫాం తొడిగినట్టే.

నేనడిగేది వేరు. ముందు బృందం, తర్వాత ప్రయాణం, అదీ దగ్గర్నుంచి మొదలుపెట్టి. మనకు "చారిత్రక యూరప్" కావాలంటే పాతిక ముప్పై కిలోమీటర్లలో భీమిలి ఉంది. 17వ శతాబ్దపు డచ్చివాళ్ల సమాధులు అక్కడ సముద్రం గాలికి అరిగిపోతున్నాయి. బీచ్ రోడ్డు మీద బైకులేసుకుని వెళ్లేవాళ్లంతా వాటిని దాటుకునే పోతారు. తొట్లకొండ మీద బౌద్ధ భిక్షువులు కలిసి పఠించిన చోటు ఉంది. సింహాచలంలో 96 స్తంభాల కల్యాణ మండపం ఉంది. రాతి చర్చిలా శబ్దాన్ని పట్టి ఉంచని, గాలి ఆడే మండపంలో మన సంగతులు ఎంత స్పష్టంగా వినిపిస్తాయో అక్కడ చప్పట్లు కొట్టి చూడొచ్చు. విజయనగరంలో 1919లో పెట్టిన మహారాజా సంగీత కళాశాల ఉంది. ఆదిభట్ల నారాయణదాసు గారు మొదటి ప్రిన్సిపాల్, ద్వారం వెంకటస్వామి నాయుడు గారు పాఠం చెప్పారు, ఘంటసాల చదువుకున్నారు. అక్కడి విద్యార్థుల ఇళ్లలో ఒక రాత్రి ఉండి, మర్నాడు వాళ్లతో కలిసి పాడటానికి వీసా అక్కర్లేదు. ఆర్టీసీ బస్సు చాలు.

పాటల ఎంపిక దగ్గర పేచీ వస్తుందని నాకు తెలుసు. అక్క వాళ్లు పాడేవాటిలో సగం చర్చి సంగీతమే. అక్కేమో శనివారాలు ఉపవాసముండే మనిషి. ఇబ్బందిగా లేదా అని అడిగితే, బృందంలో ఉన్న జర్మన్లలోనే చాలామంది దేవుణ్ణి నమ్మరని చెప్పింది. అక్కడ అది సర్దుకుపోయిన విషయం. ఇక్కడ అంత తేలిక కాదు. అన్నమయ్య కీర్తన అంటే ఒకరు, క్రైస్తవ కీర్తన అంటే ఇంకొకరు, విప్లవగీతం అంటే యాజమాన్యం ఇబ్బందిపడతారు. నా మటుకు నేను అన్నీ పాడాలంటాను, ఎవరికి ఏది వద్దో వాళ్లు ఆ పాటకు కింద కూర్చోవచ్చు. అందరికీ నచ్చేవే పాడదామని వడపోస్తే చివరికి రెండు సినిమా పాటలూ, ఒక కాలేజీ ప్రార్థనా మిగులుతాయి.

"మాకు పాడటం రాదు" అనేవాళ్లకు ఒక మాట. టీవీ పోటీలు చూసి చూసి, పాడటమంటే ఒక్కడు ముందుకొచ్చి జడ్జీల చేత కన్నీళ్లు పెట్టించడమే అనుకుంటున్నాం. మన ఫెస్టులో కూడా సోలోకు బహుమతి ఉంది, గ్రూపుకు డీజే ఉంది. క్వయర్‌లో కావాల్సింది పక్కవాడి గొంతు వినే చెవి. నీ గొంతు విడిగా వినిపించిందంటే అక్కడ తప్పు చేసినట్టు లెక్క.

క్లబ్బు సమావేశంలో ఈ ప్రతిపాదన పెడుతున్నాను. బుధవారం సాయంత్రం ల్యాబులు అయ్యాక, సివిల్ బ్లాక్ మెట్ల దగ్గర. అక్కడ ప్రతిధ్వని బాగుంటుంది, నేను చప్పట్లు కొట్టి చూశాను, రెండు సెకన్లకు కొంచెం తక్కువ. శ్రుతిపెట్టె నా దగ్గరుంది. ఆడపిల్లలు ఇప్పటికి తొమ్మిదిమంది వస్తామన్నారు, మగపిల్లలు ఇద్దరే. బేస్ గొంతులకు కొరత ఏ దేశంలోనైనా ఉంటుందని అక్క ముందే చెప్పింది. మెకానికల్ వాళ్లు దయచేసి ఆలోచించండి.